చిల్కా సరస్సు ద్వీపాలు: ఒక నిశ్శబ్దపు చరిత్ర

పండుగ సెలవులు దగ్గర పడేసరికి మా ఆఫీసులో ప్రతి సంవత్సరమూ ఒకే చర్చ మొదలవుతుంది. చుట్టూ నీరు, తల దాచుకోవడానికి చిన్న బస, చెవికి కాస్త విశ్రాంతి, ఇంతకు మించి ఏమీ అక్కరలేదు. అటువంటి చోటు ఎక్కడ వున్నదని అందరూ అడిగేవారే. ఒకరు అండమాను అంటారు, ఒకరు లక్షద్వీపాలు అంటారు, ఈ మధ్య మాల్దీవుల పేరు కూడా గుమాస్తాల నోట వినబడుతున్నది. జీతం చీటీ చూచుకున్న తరువాత ఆ ద్వీపాలన్నీ ఒకటొకటిగా సముద్రంలో మునిగిపోతాయి. చివరకు పూరీ వెళ్ళి, ఆ జనంలో తోసుకొని, వెళ్ళినప్పటికంటె ఎక్కువ అలసటతో తిరిగి వస్తాము.

ఖుర్దారోడ్డు నుండి స్వగ్రామానికి పోయే మన సోదరులు సంవత్సరానికి రెండు సార్లయినా బాలుగాం, కళ్ళికోట, రంభ స్టేషన్ల మీదుగా పోతారు. ఒక ప్రక్క తూర్పు కనుమల కొండలు, రెండవ ప్రక్క కంటికి ఆననంత నీరు, ఆ నీటి మధ్య ఏనుగులు పడుకున్నట్లు నల్లని తిప్పలు. పిల్లలు కిటికీ వద్ద చేరి "సముద్రం, సముద్రం" అని కేకలు వేస్తారు. పెద్దలము ఒకసారి తల యెత్తి చూచి, మళ్ళీ పులిహోర పొట్లం విప్పుకుంటాము. అది సముద్రం కాదు, చిల్కా సరస్సు. ఆ తిప్పలు ద్వీపాలు. మన కిటికీ ప్రక్కనే వున్న ఆ ద్వీపాలను గురించి నాలుగు మాటలు ఈ ఉగాది సంచికలో చెప్పుకోవాలని మా కోరిక. మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు ముగించి రైల్వే కొలువులో చేరినవారము. చదివినది, చూచినది, పెద్దల వల్ల విన్నది కలిపి వ్రాస్తున్నాము.

చిల్కా మన దేశపు సముద్రతీరపు ఉప్పునీటి సరస్సులలో అన్నిటికంటె పెద్దది. పొడవు సుమారు 64 కిలోమీటర్లు. వేసవిలో దాని వైశాల్యం దాదాపు 900 చదరపు కిలోమీటర్లు, వర్షాకాలంలో 1,100 దాటుతుంది. మహానది పాయలైన దయ, భార్గవి మొదలైనవి ఉత్తరం నుండి మంచినీరు తెచ్చి పోస్తాయి. తూర్పున ఇసుక తిన్నెల అవతల బంగాళాఖాతం ముఖద్వారం గుండా ఉప్పునీటిని పంపుతుంది. తీపీ, ఉప్పూ కలిసిన ఆ నీటిలోనే చేప, రొయ్య, పీత పెరుగుతాయి. వాటి కోసం పక్షి వస్తుంది, మనిషీ వస్తాడు. చిల్కా కథ అంతా ఈ రెండు నీళ్ళ పొత్తులో వున్నది.

ఈ తీరం కొత్తగా కనిపెట్టబడినది కాదు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ ఈ ప్రాంతంలో పలూర అనే రేవును పేర్కొన్నాడు. ఓడలు తీరం విడిచి తూర్పు దేశాలకు తిరిగే చోటు ఇక్కడ దగ్గరలోనే వున్నదని అతడు వ్రాశాడు. రంభకు సమీపంలో పాలూరు అనే పేరు ఈనాటికీ నిలిచి వున్నది. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ ఈ పేరు మీద ఒక చిత్రమైన ఊహ చేశాడు. 'పల్' అనగా ద్రావిడ భాషలలో పన్ను, 'ఊరు' అనగా ఊరు. కాబట్టి పలూర అన్నది బౌద్ధ గ్రంథాలలోని దంతపురమే అని ఆయన వాదం. మన పెద్దలు కొందరు దంతపురం ఆమదాలవలస దగ్గరి దంతవక్త్రుని కోట అంటారు. ఏది నిజమో పండితులు తేల్చుకోవలసినదే. మన మట్టుకు మనకు తోచేది ఏమంటే, సరిహద్దు గీతలు పుట్టక మునుపే ఈ తీరపు మాటలు ఒకదానితో ఒకటి కలిసి వున్నవి.

తరువాత చాలా కాలానికి ఈ నీటి మీదుగానే ఒక రాజ్యం చేతులు మారింది. 1803 సెప్టెంబరులో ఇంగ్లీషు కుంపిణీ సైన్యం హార్కోర్టు అనే సేనాని క్రింద గంజాం నుండి బయలుదేరి, సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుక బాటన మాణికపట్నం చేరింది. మరాఠాల వైపు కావలి వున్న ఫతే మహమ్మదు దారి యిచ్చాడు. సైన్యం ముఖద్వారం దాటి పూరీ చేరింది, కొద్ది వారాలలో కటకం కోట లొంగింది. ఫతే మహమ్మదుకు మాలూదు భూములు శిస్తు లేకుండా బహుమానంగా దక్కినవి. ఒక్క మనిషి దారి వదలితే ఒక దేశం చరిత్ర తిరిగిన చోటు అది. నేడు అక్కడ పడవ వాని తెడ్డు చప్పుడు తప్ప వేరే ఏమీ వినబడదు.

ఇక రంభ వైపు ద్వీపాలకు వద్దాము. 18వ శతాబ్దం చివరి దశకంలో గంజాం జిల్లాకు స్నాడ్‌గ్రాస్ అనే దొర కలెక్టరుగా వుండేవాడు. సరస్సు ఒడ్డున రంభలో పెద్ద భవనం కట్టించినవాడు ఆయనే. అంతటితో తృప్తి లేక, రంభ అఖాతంలో నీటి మధ్యనున్న ఒక బండరాతి మీద చిన్న గది, దానిపై కోసుగా స్తంభం కట్టించాడు. పడవ మీద పోతే అది నేటికీ కనబడుతుంది. జిల్లా ప్రజలు ఏమయినా కానీ, దొరగారికి మాత్రం ఏకాంతం కావలసి వచ్చింది. ఆయన పాలన మీద ఫిర్యాదులు ముదిరి కొలువు పోయినదనీ, సీమకు వెళ్ళిన తరువాత పింఛను కోసం కుంపిణీ కచేరీ ఎదుట వీధి ఊడ్చి దొరలను సిగ్గుపరచి సాధించుకున్నాడనీ ఒక కథ వున్నది. కథలో కల్పన ఎంతో చెప్పలేము గాని, పింఛను కాగితాల వెంట తిరిగిన మావంటివారికి ఆ కథ వింటే నవ్వూ, జాలీ రెండూ కలుగుతాయి.

ఆ తరువాత రంభ భవనం కళ్ళికోట రాజుల చేతికి వచ్చింది. దగ్గరలోని సానకుదా అనే చిన్న ద్వీపంలో వారు ఒక బంగళా కట్టించారు. వేకువనే పడవ మీద పోయి అక్కడ ఉదయపు ఫలహారం చేసేవారట. అందుకే దానికి బ్రేక్‌ఫాస్టు ఐలండు అనే పేరు నిలిచింది. ఇప్పుడు బంగళా శిథిలమైపోయినది. గోడల్లో చెట్లు మొలిచినవి. ఫలహారాలు చేసినవారు లేరు, వడ్డించినవారూ లేరు. పేరు మాత్రం మిగిలింది.

రంభ భవనానికి మరొక చరిత్ర వున్నది. ఉత్కళ సమ్మేళని 1903లో కటకంలో మొదటి మహాసభ జరుపుకొన్నది. దానికి పూర్వరంగమైన ఆలోచనలు ఆ భవనంలోనే సాగినవి. ఒరియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకటి కావాలన్న ఆ కోరిక 1936 ఏప్రిల్ 1వ తేదీన ఫలించింది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, అంతవరకు మద్రాసు రాజధానిలో వున్న బరంపురం, ఛత్రపురం, రంభ ఆ రాష్ట్రంలో చేరినవి. మనవాళ్ళు ఎందరో ఆ నాడు ఒక్క అడుగు కదలకుండానే ప్రవాసులయ్యారు. వారు ఊరు మారలేదు, సరిహద్దు మారింది. రైల్వే వలన వచ్చిన మా తాతలది వేరే దారి. 1893-96 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటకం వరకు ఈస్టు కోస్టు రైలు మార్గం వేశారు. ఆ పట్టాల వెంబడి మనవారు గ్యాంగుకూలీలుగా, ఫైరుమన్లుగా, గుమాస్తాలుగా వచ్చారు. 1897లో ఖుర్దారోడ్డు-పూరీ శాఖ తెరిచారు. కొలువు కోసం వచ్చినవారు కాపురాలు పెట్టారు. ఒరియా సోదరులు మనకు చోటిచ్చారు. ఆ సంగతి మరువరాదు. ఏ రాష్ట్రం హద్దు ఎక్కడ పడినా చిల్కా మాత్రం ఇరువురికీ చేప యిచ్చింది.

రంభకు కొద్ది దూరంలోనే బర్కుదా అనే ద్వీపం వున్నది. పడవ వాళ్ళు ఇప్పుడు దానిని హనీమూను ఐలండు అని పిలుస్తున్నారు. ఆ పేరు విని నవ్వుకునేవారు దాని అసలు కీర్తిని ఎరుగరు. నెల్సన్ అన్నండేల్ అనే జంతు శాస్త్రజ్ఞుడు 1914 నుండి చిల్కా జీవరాశిని శ్రద్ధగా పరిశోధించాడు. 1916లో భారత జంతు పరిశోధన శాఖ ఏర్పడినప్పుడు దానికి మొదటి డైరెక్టరు ఆయనే. ఆయన ఈ చిన్న ద్వీపంలో మట్టి త్రవ్వించి, ఆకులు తిరగవేయించి, కాళ్ళు లేని ఒక వింత బల్లిని కనుగొన్నాడు. చూడడానికి పెద్ద వానపాము వలె వుంటుంది, మట్టిలో దాగి బ్రతుకుతుంది. దానికి ద్వీపం పేరు మీదనే బర్కుడియా అని 1917లో నామకరణం చేశాడు. దాని దాయాది మరొకటి మన విశాఖపట్నం ప్రాంతానిది. బర్కుదా బల్లి ఆ తరువాత ఎన్నో దశాబ్దాలు శాస్త్రజ్ఞుల కంటబడలేదు. ఎవరూ త్రొక్కని మట్టి గనుక అది అక్కడ మిగిలింది. మనం "ఏమీ లేని ద్వీపం" అని తేలికగా అనే చోట, మన కాలి క్రింద, లోకంలో మరెక్కడా సులభంగా దొరకని ప్రాణి ఒకటి నిద్రపోతూ వుండవచ్చును.

బాలుగాం నుండి పడవ ఎక్కితే కాళీజాయి ద్వీపం వస్తుంది. జాయి అనే పిల్లను పెళ్ళి చేసి తండ్రి పడవ మీద పారికుదులోని అత్తవారింటికి తీసుకొని పోతూ వుండగా తుఫాను వచ్చింది. పడవ తిరగబడింది. అందరూ బయటపడ్డారు గాని జాయి కనబడలేదు. ఆమె గొంతు మాత్రం ఆ కొండ తిప్ప నుండి వినబడిందట. నాటి నుండి ఆమె కాళీజాయిగా పూజలందుకుంటున్నది. జాలరులు ఆమెకు మ్రొక్కుకొనే వల దించుతారు. మకర సంక్రాంతికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. నిశ్శబ్దం కోరి ఆ రోజున వెళ్ళేవారు నిరాశపడతారు. కాని, అత్తవారింటికి చేరని ఆ పిల్ల కథ విన్నప్పుడు మన ఆడవారు కొంగుతో కళ్ళు వత్తుకోవడం మేము చూచాము. పుట్టిల్లు విడిచి రైలెక్కి ఇంత దూరం కాపురానికి వచ్చిన వారికి ఆ కథ పరాయి దేశపు కథగా తోచదు.

ఇక నలబణ. బణ అనగా వనం, రెల్లు వనమని అర్థం. ఈ ద్వీపం వర్షాకాలంలో మునుగుతుంది, చలికాలంలో తేలుతుంది. ఇల్లు లేదు, గుడి లేదు. వైశాల్యం 15 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 1987లో దీనిని పక్షుల రక్షణకేంద్రంగా ప్రకటించారు. సైబీరియా, మంగోలియా, కాస్పియన్ సముద్రపు ప్రాంతాలు, హిమాలయాల అవతల నుండి లక్షలాది పక్షులు శీతకాలానికి చిల్కా చేరతాయి. నల్ల చారల తల బాతులు, సూదితోక బాతులు, రాజహంసలు గుంపులు గుంపులుగా దిగుతాయి. మనవలె అవి కూడా వలస వచ్చినవే. ఒక్క తేడా, అవి మార్చి నాటికి తిరిగి వెళ్ళిపోతాయి. మనం ఇక్కడే వుండిపోయాము.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రిందట మేము కొందరము కుటుంబాలతో కలిసి పుష్యమాసంలో వనభోజనానికి రంభ వెళ్ళాము. రెండు పడవలు మాట్లాడుకున్నాము. పిల్లల సంతోషం కోసమని ఒక మైకు పెట్టె కూడా వెంట తీసుకొని పోయాము. ఒక చిన్న తిప్ప దగ్గరకు వచ్చేసరికి పాట మొదలయింది. ఆ బండల మీద వున్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచినవి. ఆకాశం నల్లబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాము. పడవ నడుపుతున్న ముసలాయన తెడ్డు ఆపివేశాడు. ఆయన తీరపు తెలుగు జాలరి. ఒరియావారు నోలియా అని పిలిచేది వీరినే. "బాబూ, ఆ పాట ఆపీండి" అన్నాడు. మాలో ఒకరు, "కాసేపే కదా తాతా" అన్నారు. దానికి ఆయన, "మీరు సాయంత్రం రైలుకి ఎల్లిపోతారు. అవి ఎక్కడికి ఎల్తాయి బాబూ? తిండి తినే యేళ లేపీసినారు" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. చిన్నపిల్లలకు చెప్పినట్లు చెప్పాడు. మైకు కట్టివేశాము. ఆ తరువాత చాలాసేపటి వరకు ఎవరమూ మాట్లాడలేదు. పక్షులు మాత్రం ఆ తిప్పకు మేము వున్నంతసేపూ తిరిగి రాలేదు. నిశ్శబ్దం కోసం వెళ్ళిన మేమే దానిని పాడుచేసి వచ్చాము.

ఆ ముసలాయన మాట వలన మాకు మరొక విషయం తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. ఈ నిశ్శబ్దం తనంత తానుగా నిలిచినదా, ఎవరయినా నిలిపినదా? చిల్కాకు 1981లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. రామ్‌సర్ ఒడంబడిక క్రింద మన దేశం నుండి మొదట చేరిన రెండు స్థలాలలో ఇది ఒకటి. ఆ తరువాతనే కష్టాలు ముదిరినవి. నదుల వండ్రు పేరుకొని ముఖద్వారం పూడుకొని పోసాగింది. ఉప్పు తగ్గి, గడ్డి కమ్మి, చేప తగ్గింది. అదే కాలంలో రొయ్యకు విదేశాలలో ధర పలికింది. డబ్బున్నవారు గట్లు పోసి, వలలు కట్టి నీటిని పంచుకున్నారు. తరతరాలుగా ఆ నీటి మీద బ్రతికిన కేవటులు, కండ్రలు, తియరలు, నోలియాలు ప్రక్కకు నెట్టబడ్డారు. ఒక పెద్ద రొయ్యల పథకానికి ఎదురుగా 1990 తరువాతి సంవత్సరాలలో వారు పెద్ద ఉద్యమం నడిపారు. 1993లో చిల్కా పేరు ప్రమాదంలో వున్న స్థలాల పట్టికలోకి ఎక్కింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిల్కా సరస్సుకూ, మన పులికాటు సరస్సుకూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ వుండరాదని తీర్పు చెప్పింది. అయినా గట్లు పోలేదు. 1999 మే నెలలో సొరణ గ్రామంలో పోలీసు కాల్పులు జరిగి నలుగురు ప్రాణాలు విడిచారు.

2000 సెప్టెంబరులో సిపాకుదా వద్ద సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. ఉప్పునీరు మళ్ళీ లోపలికి నడిచింది. కొద్ది సంవత్సరాలలో చేపల రాబడి అనేక రెట్లు పెరిగింది. 2002లో చిల్కా పేరు ఆ ప్రమాద పట్టిక నుండి తొలగింది. సాతపడా దగ్గర ఇరావతీ డాల్ఫిన్లు మునుగుతూ తేలుతూ కనబడుతున్నవి. ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అనే గ్రామంలో ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మినవారే ఈ శతాబ్దం ఆరంభంలో పక్షులకు కావలివారైనారు. వేటకు పోయిన దోనెలలోనే నేడు యాత్రికులను ఎక్కించుకొని, గొంతు తగ్గించి, "అదిగో చూడండి" అని చూపిస్తారు.

ఈ చరిత్ర వలన మాకు తోచినది ఒక్కటే. ద్వీపంలో నిశ్శబ్దం వున్నదంటే అక్కడ ఎవరూ లేరని కాదు. అక్కడ వున్నవారు గట్టిగా మాట్లాడని వారు. జాలరి మాట్లాడడు, ఆయన చెవి వల మీద వుంటుంది. పక్షి మాట్లాడదు, దాని దృష్టి మేత మీద వుంటుంది. మట్టిలోని బల్లికి గొంతే లేదు. దొరలు వచ్చి స్తంభాలు కట్టారు, రాజులు వచ్చి ఫలహారాలు చేశారు, షావుకారులు వచ్చి గట్లు పోశారు. వారందరికీ అది ఎవరిదీ కాని ఖాళీ చోటుగానే కనబడింది. సెలవు కోసం పోయే మనకు కూడా అలాగే కనబడితే, వారికీ మనకూ భేదం ఏమున్నది?

కాబట్టి వెళ్ళవద్దని మేము చెప్పడం లేదు. తప్పక వెళ్ళండి. శీతకాలంలో కార్తికం నుండి మాఘం వరకు మంచి అదను. సంక్రాంతి జాతర రోజులూ, ఆదివారాలూ విడిచి మామూలు రోజున వెళితే ద్వీపాలు మీకే దక్కుతాయి. రంభలోనూ, బాలుగాం దగ్గరి బర్కుల్‌లోనూ యాత్రికులకు బస దొరుకుతుంది. వీలయితే తెడ్డు పడవ మాట్లాడుకోండి. మైకులు ఇంటి వద్ద వుంచండి. విస్తర్లూ, పొట్లాలూ, సీసాలూ తిరిగి మీ సంచిలోనే తెచ్చుకోండి. నలబణను దూరం నుండి చూచి దండం పెట్టండి, దిగవద్దు. పడవ వానితో బేరం ఆడేటప్పుడు ఆయన ఆ నీటికి పాత కాపు అని జ్ఞాపకం వుంచుకోండి. ఆయన తెలుగువాడయితే రెండు మాటలు కలపండి. ఆయన తాతా, మన తాతా ఒకే తీరం మీద ఉప్పుగాలి పీల్చినవారు.

మన పిల్లలు ఇక్కడ పుట్టారు. వారికి కృష్ణ, గోదావరి పుస్తకాలలోని నదులు. చిల్కా మాత్రం వారి కిటికీలోని సరస్సు. స్వగ్రామానికి పోయే దారిలో ఈసారి వారు "సముద్రం" అని అరచినప్పుడు పొట్లం ప్రక్కన పెట్టి, "కాదు నాయనా, అది చిల్కా. ఆ తిప్పకు ఒక కథ వున్నది" అని చెప్పండి. ఆ ముసలి పడవ ఆయన నాటి మాట కూడా చెప్పండి. మనల్ని ఆదరించిన ఈ నేలకు మనం చెల్లించగల అద్దె అంతకంటె పెద్దది లేదు.

ఈ నూతన సంవత్సరంలో మన సంఘ కుటుంబాలన్నిటికీ ఆయురారోగ్యాలు కలగాలని, చిల్కాలో చేపా, పక్షీ, జాలరీ చల్లగా వుండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.